హాల్లో ఉండాల్సిన దీపం

వంటింటి కిటికీ పక్కనుంచి,
చలి మొదలైన వారం

చెవిటి అన్నయ్యకి,

నీ పిచ్చుక రాస్తోంది. మొన్న ఫోన్లో గొంతు చించుకుని అరిచాను. నువ్వేమో "ఆఁ, తిన్నాను, తిన్నాను" అన్నావు. నేనడిగింది చెవి డాక్టరు ఏమన్నాడని. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని, ఇకనుంచి ఉత్తరాలే రాద్దామనుకున్నాను. ఇందులో ఇంకో సుఖం కూడా ఉంది. ఈ ఇంటి గోడలు పలచన, ఫోన్లో నేను మాట్లాడేది పక్క వాటావాళ్ళకి కూడా వినబడుతుంది. కాగితం మీద ఎంత అరిచినా ఎవరూ తలుపు తీసి చూడరు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అత్తయ్యకి పక్షవాతం వచ్చి పడిపోయిన కుడివైపు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఎడమ చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. మాట పోయింది, "ఆ", "ఊ" తప్ప ఏమీ రాదు. కానీ కళ్ళతో అన్నీ చెబుతుంది, పోపు మాడితే మంచం మీదనుంచే నావైపు చూస్తుంది. నువ్విచ్చిన ఇత్తడి కరెంటు దీపం హాల్లో దివ్యంగా వెలుగుతోంది. వచ్చినవాళ్ళందరూ ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు.

ఒక సంగతి నిన్నడుగుదామని. వానాకాలమంతా అత్తయ్య చంటిపిల్లలా కూర్చుని స్నానం చేయించుకుంది. పట్టుకోవడానికి గోడకి ఒక స్టీలు కమ్మీ బిగించారు మీ బావ. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. చలి మొదలయ్యాక ఏం వచ్చిందో ఏమో, సగం స్నానం అయ్యేసరికి గావుకేక పెడుతోంది. ఒళ్ళంతా కొయ్యబారిపోతుంది. పోనీ కమ్మీ వదిలేస్తుందా అంటే వదలదు. నేను చెంబు పక్కన పడేసి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాలి. మంచంలో ఉన్న మనిషికి అంత పట్టు ఎక్కడిదో తెలియదు. విప్పేటప్పుడు నాకూ మోచెయ్యి దాకా జిల్లుమంటుంది, కంగారు వల్లేననుకుంటా.

మీ బావ మొండితనం అంటారు. డాక్టరు ఇలాంటి జబ్బులో కొందరికి నీళ్ళంటే భయం పట్టుకుంటుందన్నాడు. రోజంతా నీళ్ళతోనే కాపురం చేసేవాడివి కదా, నీకేమైనా తోస్తే రాయి.

పిచ్చుక


వానగది నుంచి,
మధ్యాహ్నం విరామంలో

పిచ్చుకా,

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. నువ్వు అత్త ఉండి కూడా ఉత్తమురాలివి అనిపించుకుంటున్నావు, సంతోషం. చెవి డాక్టరు పంపుల దగ్గర పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఎవడు జీతమిస్తాడని అడిగాను. ఆయనకీ ఆ ప్రశ్న వినపడలేదు.

మా వానగది సంగతి నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. కిటికీలు లేని గది. మధ్యలో తిరిగే బల్ల, చుట్టూ చిల్లుల గొట్టాలు. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి రకం దీపాన్నీ ఆ బల్లమీద పెట్టి, కొన్నింటి మీద చినుకులు, కొన్నింటి మీద చిమ్మే ధారలు పోస్తాం. తర్వాత విప్పి లోపల తడి చేరిందేమో చూస్తాం. బయట ఎండ కాస్తున్నా నాకు తెలియదు, నా నెత్తిన ఎప్పుడూ ముసురే. లోపలికి వచ్చినవాడు గంటలో బయటపడదామని చూస్తాడు. నేనేమో పెళ్ళి కూడా మరిచిపోయి ఇక్కడే ఉండిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో రెండు మాటలు నాకు నచ్చలేదు. అత్తయ్యగారు కమ్మీ వదలడం లేదు, నీకు చెయ్యి జిల్లుమంటోంది. అది మొండితనం కాకపోవచ్చు. కరెంటు తగిలిన చెయ్యి బిగుసుకుపోతుంది, వదలాలన్నా వదల్లేదు. చలికాలం వచ్చాకే మొదలైందన్నావు. చలికాలంలో కొత్తగా వాడేది గీజరు. లోపల కాయిల్ దెబ్బతిని, ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు నీళ్ళలోకి, గొట్టంలోకి పాకుతుంది. ఖాయంగా గీజరే. వెంటనే ఆపించి ఎలక్ట్రీషియన్ చేత చూపించు. మీ బాత్రూములో దీపం ఏ రకం పెట్టారు? నువ్వు లోపల రబ్బరు చెప్పులు వేసుకుంటావా?

అన్నయ్య


వంటింటి నుంచే,
తలుపు దగ్గరికి వేసుకుని

అన్నయ్యా,

నీ మాట పట్టుకుని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మధ్యాహ్నం వచ్చాడు. టెస్టరు పెట్టి గీజరు చూశాడు, కుళాయి చూశాడు, కమ్మీ కూడా చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. గీజరు కొత్తది, ఎర్త్ కూడా బాగానే ఉందన్నాడు. "భయపడకండమ్మా, పెద్దావిడకి వయసు" అని ఛార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకుంటాను, తడినేల మీద నేను జారితే ఆవిడా పడుతుందని. దీపమా, ఏదో ఒకటి ఉందిలే, వెలుగుతోంది.

ఆ సాయంత్రమే వదిన దిగింది. మీ బావ అక్కయ్య, లెక్కల టీచరు. అమ్మని చూసుకుందామని సెలవు పెట్టి వచ్చింది. వచ్చిన మర్నాడు బయట గదిలో ఉండగా స్నానం వేళ కేక వినబడింది. పరుగెత్తుకొచ్చి తలుపు తోసింది. నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని గుంజుతున్నాను. ఆవిడ ఏడుస్తోంది. వదినకి కనబడింది అంతే.

ఒళ్ళు తుడిచి మంచం మీద పడుకోబెట్టాక వదిన అత్తయ్య మణికట్టు వెలుతురులోకి తిప్పి చూసింది. ఎర్రగా వేళ్ళ అచ్చులున్నాయి. నావే. ఎలా వచ్చాయని అడిగింది. కమ్మీ వదలదు, నేను విప్పుతాను అని చెప్పాను. "రోజూనా?" అంది. రోజూ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా బయటపడిందో చూడు, దొంగ తనంతట తనే ఒప్పుకున్నట్టుంది.

అప్పటినుంచి బాత్రూము తలుపుకి గడియ లేదు. మీ బావ చేతే స్క్రూలు విప్పించింది. నేను అత్తయ్యకి స్నానం చేయిస్తుంటే వదిన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చూస్తూ ఉంటుంది, పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు. నేను స్నానం చేసినా అదే తలుపు, అదే గడియ లేకపోవడం. బకెట్టు తలుపుకి అడ్డం పెట్టుకుని గబగబా నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తున్నాను. కక్కలేక మింగలేక ఉంది అన్నయ్యా. మీ బావ మంచివారే. కానీ అటు అమ్మ, ఇటు అక్క, మధ్యలో ఆయన పేపరు చదువుతారు.

నువ్వు మాత్రం రావద్దు. ఇప్పుడు వస్తే చెల్లెల్ని వెనకేసుకు రావడానికి వచ్చాడంటారు.

పిచ్చుక


వానగది నుంచి

పిచ్చుకా,

నా గీజరు మాట నిన్ను ఇంకా ఊబిలోకి దించింది. తెలియనిది ఖాయంగా అని రాశాను, తప్పు నాదే. కానీ కేకకి కారణం భయం కాదని ఇప్పటికీ అంటాను. భయమైతే స్నానం మొదట్లోనే అరవాలి, సగంలో ఎందుకు అరుస్తుంది? సగం అయ్యేసరికి ఆ గదిలో ఏం మారుతుందో ఆలోచించు.

రాకుండా ఉండమన్నావు, సరే. వద్దామన్నా పెద్ద ఆర్డరు వెళ్ళేదాకా సెలవులు లేవని మేనేజరు కాగితం అంటించాడు. ఇక్కడ నేను, అక్కడ నువ్వు, ఇద్దరమూ గదుల్లోనే ఇరుక్కున్నాం.

ఆ గదిలో ఇనుము, స్టీలు, ఇత్తడి ఏది ఎక్కడుందో గోడ గోడకీ రాయి. దీపం "ఏదో ఒకటి" అంటే కుదరదు. దీపాలు పరీక్షించేవాడికి చెల్లెలు రాయాల్సిన మాటేనా అది? ఏ దీపం, ఎంత ఎత్తున, దేనికి దగ్గరగా?

అన్నయ్య


బట్టలారేసే చోటు నుంచి, నిలబడే రాస్తున్నాను

అన్నయ్యా,

కోప్పడకు. ఆ దీపం నువ్విచ్చినదే.

హాల్లో వెలుగుతోందని అబద్ధం రాశాను. పక్షవాతం వచ్చిన రోజున అత్తయ్య బాత్రూములో గుడ్డివెలుతురులోనే పడిపోయింది. ఆ తర్వాత మీ బావకి ఒకటే పట్టుదల, అమ్మకి అక్కడ మంచి వెలుతురు ఉండాలని. ఇంట్లోకల్లా మంచి దీపం ఏది అంటే నీదే. హాల్లోంచి విప్పి తీసుకెళ్ళి పెట్టేశారు. డ్రిల్లు మిషను కొన్నప్పటి నుంచి మా గోడలకి నిద్ర లేదు. పుట్టింటి నుంచి వచ్చిన కానుకని బాత్రూములో వేలాడదీశారంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. రెండు ఉత్తరాల్లోనూ చెప్పలేదు.

గోడ గోడకీ రాయమన్నావుగా. తలుపుకి ఎదురుగా కుళాయి, గీజరు. ఎడంపక్క అత్తయ్య కుర్చీ. ఆ గోడకే కమ్మీ, దానిపైన జానెడెత్తున నీ దీపం. గోడ పలకలకి ఎక్కువ చిల్లులు పెడితే పగులుతాయని ఒకే స్టీలు పట్టీ పెట్టి, దానికే కిందవైపు కమ్మీ, పైవైపు దీపం బిగించారు. ఎంత తెలివిగా చేశానో చూడు అని నాకు చూపించి మురిసిపోయారు. వెంటిలేటరు చలిగాలి వస్తోందని అట్టముక్కతో మూసేశాం. స్నానం సగమయ్యేసరికి గదంతా ఆవిరి. దీపం గాజులోపల చుక్కలు కారుతూ కనిపిస్తాయి.

రాసింది మళ్ళీ చదువుకున్నాను.

అన్నయ్యా, దీపమే అయితే ఇంకో చిక్కు. ఇప్పటిదాకా కోడలు గిల్లింది అంటున్నారు. రేపు కోడలి పుట్టింటి కానుక చంపబోయింది అంటారు. నేను తప్పించుకోవాలంటే నిన్ను ఇరికించాలి. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

పిచ్చుక


వానగది నుంచి,
ఉత్తరం అందిన వెంటనే

పిచ్చుకా,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత. ఆ దీపం స్విచ్ ఇక వేయవద్దు. ఎవర్నీ వెయ్యనివ్వద్దు. అత్తయ్యగారి చెయ్యి కమ్మీ మీద పడనివ్వద్దు.

నన్ను ఇరికిస్తానని ఆలోచిస్తున్నావా? వాళ్ళు ఏమైనా అననీ, దీపం నేనిచ్చానని వీధిలో డప్పు కొట్టనీ. చిన్నబుచ్చుకోవడం అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది నాకు. నా మనసు నొప్పించకూడదని నువ్వు దాచిన మాట అక్కడ ఒక ముసలావిడ ఒంట్లో పాకుతోంది.

ఆ దీపం వెనక్కి తిప్పితే రెండు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది దుమ్ము సంగతి. రెండోది నీటి సంగతి. దాని మీద రెండో అంకె సున్నా. సున్నా అంటే ఒక్క చుక్క కూడా పడకూడదు, పొడిగదికే. నాలుగు ఉంటే ఎటునుంచి చింది పడినా తట్టుకుంటుంది. అయిదు ఉంటే ధార కొట్టినా తట్టుకుంటుంది. స్నానం చేసే మనిషి చెయ్యి చాపితే అందేచోట నాలుగుకి తక్కువ దీపం ఉండనే కూడదు, అదీ లోహానికి ఎర్త్ కలిపి ఉండాలి. నేను దానితో పచ్చ ఎర్త్ తీగ ఇచ్చాను. మీ బాత్రూములో ఆ పాయింటుకి ఎర్త్ లేకపోతే బావగారు దాన్ని కత్తిరించేసి ఉంటారు. ఆవిరి లోపలికి వెళ్ళి, చుక్కలై, తీగకీ ఇత్తడికీ మధ్య దారి వేస్తుంది. ఇత్తడి నుంచి పట్టీకి, పట్టీ నుంచి కమ్మీకి, అక్కడినుంచి ఆవిడ చేతికి. ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం వచ్చేసరికి అంతా ఆరిపోయి ఉంటుంది. చెప్పులున్నాయి కాబట్టి నీకు జిల్లుమని ఊరుకుంది. ఆవిడ పాదాలు తడినేల మీద ఉన్నాయి.

ఇంతవరకు ప్రాణం నిలిచిందంటే పాకేది కొద్దిగా కాబట్టి. ఆ కొద్ది ఎప్పుడు ఎక్కువవుతుందో చెప్పలేం. ఈ ఉత్తరం బావగారికి చూపించు.

అన్నయ్య


మేడమెట్ల కింద నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం చూపించాను. మీ బావ రెండుసార్లు చదివారు. తర్వాత దాన్ని మడిచి వదినకిచ్చారు. వదిన కళ్ళజోడు తీసి, "మీ అన్నయ్య నిన్ను కాపాడుకోవడంలో తప్పులేదులే" అంది. దీపం ఆపితే ఆ గదిలో ఏం జరుగుతోందో తనకెలా కనబడుతుందని అడిగింది. మీ బావ కూడా చీకట్లో అమ్మ మళ్ళీ పడితే ఎలా అన్నారు. దీపం అలాగే ఉంది.

నేను చెయ్యగలిగింది చేశాను. అత్తయ్య చెయ్యి కమ్మీ మీద పడకుండా నా భుజం మీద వేసుకున్నాను. ఆమె పక్కకి ఒరిగిపోతే వదిన లేచి, కమ్మీ ఉండగా ఎందుకలా పట్టుకుంటున్నావని కసిరి, తనే ఆ చెయ్యి తీసి కమ్మీకి తగిలించింది. తగిలించి వెనక్కి జరిగింది. కాసేపటికి కేక.

అప్పుడు వదిన ఒక నిర్ణయానికి వచ్చింది. "రేపటినుంచి మా అమ్మకి నేనే పోస్తాను, అప్పుడు తెలుస్తుంది కేక ఎందుకో" అంది.

ఆ రోజంతా నా బుర్రలో ఏం తిరిగిందో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. వదిన చెప్పులు వేసుకోదు. అమ్మ ఉండేచోట చెప్పులేమిటంటుంది. తల్లి అరిస్తే పట్టుకుంటుంది, తడిపాదాలతో. ఇక నేనేమీ నిరూపించనక్కర్లేదు. నేను వంటింట్లో కూర్చుని చెవులు మూసుకుంటే చాలు. నా నోటితో వెయ్యిసార్లు చెప్పినా నమ్మనిది ఒక్క క్షణంలో నమ్ముతుంది. అలా అనుకున్నాను. బాగా అనుకున్నాను. నాకు హాయిగా కూడా అనిపించింది.

పొద్దున్న లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. అద్దాలు మసకబారుతూ ఉంటాయని, గాజులో చుక్కలు చేరుతూ ఉంటాయని కూరగాయలు తరుగుతూనే తెలుస్తోంది. కత్తిపీట వదిలేసి వీధి గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. మెయిన్ స్విచ్ లాగేశాను. ఇల్లంతా ఆగిపోయింది.

వదిన కరెంటు పోయిందనుకుని తలుపు బార్లా తీసి, హాలు వెలుతురులో స్నానం పూర్తి చేసింది. అత్తయ్య ఒక్క కేక వెయ్యలేదు. కమ్మీ పట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

నీకర్థమైందిగా, కూతురు పోస్తే కేక లేదు. ఇంట్లో తీర్పు అయిపోయింది. నేనే మెయిన్ ఆపానని చెప్పినా నమ్మలేదు. మీ బావ నావైపు చూడకుండా, "కరెంటుకి కూతురెవరో కోడలెవరో తెలుస్తుందా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు అన్నయ్యా, అలసట ఉంది. కోపమే నయం.

ఇక నేను అత్తయ్యని ముట్టుకోకూడదు. వంటింట్లోంచి హాల్లోకి వస్తే వదిన లేచి ఆ గది గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. పక్క వాటావాళ్ళు పలకరించడం మానేశారు. వచ్చెయ్యమంటావు, తెలుసు. ఈ పూటే సంచీ సర్దుకోగలను. కానీ రోజూ స్నానం వేళకి ఎవరూ చూడకుండా వెళ్ళి మెయిన్ లాగేది నేనొక్కదాన్నే. ఈ వీధిలో రోజూ పొద్దున్న కరెంటు పోతోందనుకుంటున్నారు వాళ్ళు. నేను వెళ్ళిపోతే ఆ మర్నాడు కరెంటు పోదు. అందుకని ఉన్నాను. నన్ను చంపేదానిలా చూస్తున్న ఇంట్లో, ఆవిడ చావకుండా కాపలా కాస్తూ ఉన్నాను.

పిచ్చుక


వానగది నుంచి

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి పంపులు కట్టేసి కూర్చున్నాను. కాసేపు నిశ్శబ్దం కూడా వినబడింది నాకు. నువ్వు మెయిన్ లాగావు. నేనైతే లాగేవాణ్ణో లేదో.

ఆ దీపం జోడీ ఒకటి మా స్టోర్లో ఉంటే తెచ్చి, మూసిన పెట్టెలో ఆవిరి పెట్టి చూశాను. మీటరు చూపించిన అంకె నీకు చెప్పను. చెబితే నువ్వు పడుకోవు.

కానీ చేస్తుండగా నాకొకటి తట్టింది, ఇంతకాలం తట్టకపోవడం నా బుద్ధితక్కువ. మీ ఎలక్ట్రీషియన్ స్నానం వేళ రాడు, ఆడవాళ్ళ స్నానం కాబట్టి. మనందరం అక్కడే ఆగిపోయాం, ఎవరో స్నానం చేస్తేనే తెలుస్తుందన్నట్టు. మా వానగదిలో మేం మనిషిని వానలో నిలబెట్టం. దీపాన్ని నిలబెడతాం. అక్కడ ఎవరూ స్నానం చెయ్యక్కర్లేదు. గదిలో వేడినీళ్ళ బకెట్లు పెట్టు, కుళాయి కూడా వేడినీళ్ళు తిప్పు, తలుపు మూసెయ్యి, దీపం వేసి ఉంచు. స్నానమంతసేపు ఆగి, అప్పుడు అతన్ని గుమ్మంలోంచే మీటరు పెట్టి కమ్మీ చూడమను. టెస్టరు నువ్వు ముట్టుకోవద్దు.

అతను వచ్చేలా చేసే పని నాది. అతని కొట్టు బోర్డు మీద నంబరు ఇదివరకు మీ ఇంటికి వచ్చినప్పుడు రాసి పెట్టుకున్నాను. నేను ఫోన్లో వినలేను కానీ చెప్పగలను కదా. మా మేనేజరు చేత మాట్లాడించాను, ఆయన గొంతుకి ఎవరైనా వస్తారు. పార్సిల్లో దీపం పంపుతున్నాను. వెనక రెండో అంకె చూసుకో, అయిదు. ఇది హాల్లో పెట్టుకుంటే ఒప్పుకోను.

అన్నయ్య


అత్తయ్య మంచం పక్కనుంచి

అన్నయ్యా,

ఎలక్ట్రీషియన్ ఆదివారం వచ్చాడు. మీ బావ ఇంట్లో ఉన్నారు, వదినా ఉంది. ఎవరూ నన్ను సాయమడగలేదు, వద్దనలేదు కూడా. బకెట్లు నేనే నింపాను. తలుపు మూశాం. నలుగురం ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డాం, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా. ఏమీ తేలకపోతే ఇక నా బతుకింతే అనుకున్నాను.

తలుపు తీసి అతను మీటరు తీగ కమ్మీకి ఆనించాడు. ఆనించి వెంటనే తీసేశాడు. మళ్ళీ ఆనించాడు. మీ బావని పిలిచి అంకె చూపించాడు. మీ బావ అంకె చూడలేదు, తను బిగించిన పట్టీ వైపు చూస్తూ ఉండిపోయారు. "పొడిగా ఉన్నప్పుడు చూసి వెళ్ళిపోయానమ్మా" అని అతను నాతో అన్నాడు. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి మెయిన్ అతనే ఆపాడు.

రెండు రోజులు గది మూసేశాం. పాత దీపం, పట్టీ, కమ్మీ అన్నీ పీకేశారు. ఎర్త్ లాగారు. నీ కొత్త దీపాన్ని కుర్చీకి దూరంగా, పైన బిగించారు. కమ్మీ స్థానంలో ప్లాస్టిక్ పూతది వచ్చింది. కరెంటు కొంచెం దారి తప్పినా పసిగట్టి ఆగిపోయే ట్రిప్ స్విచ్ కూడా పెట్టాడు. మీ బావ నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తర్వాత వెళ్ళి బాత్రూము గడియ మళ్ళీ బిగించి వచ్చారు.

వదిన మాత్రం దిగిరాలేదు. "దీపం మాట నిజమే కావచ్చు. మా అమ్మ చేతి మీద మచ్చలు దీపం పెట్టలేదుగా" అంది. అవి నావే.

ఇవాళ మళ్ళీ ఆ గదిలో స్నానం. అత్తయ్యని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది వదిన. గుమ్మం దగ్గరే అత్తయ్య వణకడం మొదలుపెట్టింది. లోపలికి తీసుకెళ్ళి ఎడమ చెయ్యి పట్టుకుని కమ్మీ వైపు జరిపితే ముడుచుకుపోయి ఒళ్ళో దాచుకుంది. అమ్మా ఏం కాదు, అన్నీ మార్చేశాం అని వదిన ఎన్నిసార్లు చెప్పినా ఆ కళ్ళకి ఎక్కలేదు. మాటలతో చెప్పి ఒప్పించడం ఆ మనిషి దగ్గర ఎప్పుడో పోయింది.

నేను అడక్కుండానే లోపలికి వెళ్ళాను. చెప్పులు బయట వదిలేశాను. తడినేల మీద నిలబడి, చెంబుతో నీళ్ళు నా నెత్తిన పోసుకున్నాను. అత్తయ్య చూస్తుండగా రెండు చేతులతో ఆ కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. చూడండి అత్తయ్యా, నాకేం కావడం లేదు, ఇక ఏం కాదు అని చెబుతున్నాను.

ఆవిడ అరిచింది. ఇన్నాళ్ళూ విన్న కేక కాదు, నన్ను పిలిచిన కేక. కుర్చీలోంచి సగం లేచింది, ఆ ఒక్క కాలి మీద. ఎడమ చేత్తో నా మణికట్టు దొరకబుచ్చుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నన్ను కమ్మీ నుంచి అవతలికి లాగేసింది.

వదిన గుమ్మంలో అంతా చూసింది. లోపలికి వచ్చి, మా ఇద్దరినీ పట్టుకుని నిలబెట్టింది.

పిచ్చుక